హార్లిక్స్ సీసాలో తాతయ్య చాకు

మొదటి రోజు: రాజమండ్రి

గౌతమి ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటి వంతెన ఎక్కేసరికి ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. శ్రావణమాసం, గోదారి నిండా ఎర్రనీరు. ఎదురు బెర్తులో పెద్దావిడ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ళ తీసి, నదిలోకి విసిరి దణ్ణం పెట్టుకున్నారు. నేనూ జేబులో చెయ్యి పెట్టాను. బిళ్ళ కంటే ముందు చాకు తగిలింది.

మడత చాకులు పోగెయ్యడం మొదలుపెట్టి పద్నాలుగేళ్ళయింది. హైదరాబాద్‌లో మా ఇంట్లో ఒక టేకు పెట్టె నిండా ఉన్నాయి. అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవడం నాకు నచ్చదు. ఏ చాకైనా వంతుల వారీగా జేబులోకి రావాల్సిందే. ఉల్లిపాయ తరగాలి, పార్సిల్ తాడు కొయ్యాలి, మామిడికాయ చెక్కాలి. ఒక్క చాకు మాత్రం ఎప్పుడూ జేబులోకి రాలేదు. అది తాతయ్యది. ఆయన కాలం చేసిన ఏడాది, ఎక్కడ పారేసుకుంటానోనన్న భయంతో దానికి మంచి తోలు సంచి కుట్టించి, కొత్తపేట దగ్గర మా ఊరి ఇంట్లో బీరువాలో పెట్టి వచ్చాను. దాన్ని తీసుకెళ్ళడానికే ఈ ప్రయాణం.

పనిలో పనిగా డెల్టా అంతా తిరిగి పాత చాకులు ఏమైనా దొరుకుతాయేమో చూద్దామనుకున్నాను. కోటగుమ్మం దగ్గర ఇనుప సామాన్ల కొట్లో మడత చాకు అడిగితే, కుర్రాడు ప్లాస్టిక్ పిడి ఉన్నవి నాలుగు బల్ల మీద పరిచాడు. నేను తల అడ్డంగా ఊపితే గొంతు తగ్గించి, "రాంపురీ లాంటిది కావాలా అన్నా?" అన్నాడు.

ఆ మాట ఎప్పుడు విన్నా బాధగానే ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో చాకులు చెయ్యడం తరతరాల పనితనం. 2023లో ఆ ఊరి కూడలిలో 20 అడుగుల చాకు బొమ్మ నిలబెట్టుకున్నారు, అంత అభిమానం వాళ్ళకి. కానీ దేశమంతటికీ ఆ పేరు సినిమా రౌడీ చేతిలోనే తెలుసు. జపాన్‌లోనూ ఇదే జరిగింది. హిగోనొకామి అని, ఒకే రేకు మడిచి పిడిగా చేసిన చిన్న చాకు, ఒకప్పుడు అక్కడి ప్రతి బడిపిల్లవాడి జేబులోనూ ఉండేది. పెన్సిళ్ళు దాంతోనే చెక్కుకునేవాళ్ళు. 1960లో ఒక రాజకీయ నాయకుణ్ణి పొడిచి చంపాక పిల్లల చేతుల్లో చాకులు ఉండకూడదని పెద్ద ఉద్యమం లేచింది. ఆ హత్య ఈ చాకుతో జరగలేదు, అయినా శిక్ష దీనికే పడింది. నా దగ్గర ఒకటుంది. దాంతో పెన్సిల్ చెక్కితే చెక్క పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలుతుంది. అంత బుద్ధిమంతమైన వస్తువు.

జేబులో చాకుంటే పోలీసులు పట్టుకోరా అని స్నేహితులు అడుగుతుంటారు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద పెట్టిన నియమాల్లో, 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తుల్ని ఆయుధాల జాబితాలో చేర్చారు. ఇంటిపనికీ పొలం పనికీ చేసినవాటిని అందులోంచి మినహాయించారు. నా జేబులోది మూడున్నర అంగుళాలు కూడా ఉండదు. అయినా గుళ్ళోకి, కోర్టులోకి, జనం తోసుకునే సభల్లోకి నేను చాకు తీసుకెళ్ళను. విమానమైతే చెక్-ఇన్ సామానులోనే. మనం పట్టుకు తిరిగేది ఎదుటివాడికి భయం పుట్టించకూడదు.

సాయంత్రం ధవళేశ్వరం వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాకే ఈ డెల్టాకు పచ్చదనం నిలిచింది. ఇక్కడినుంచే గోదారి గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. జామకాయ కోద్దామని చాకు తీస్తే తెరుచుకోలేదు! అది ఫ్రాన్స్ ఒపినెల్, 8వ నంబరు. సవోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన నమూనా, ఇప్పటికీ పెద్దగా మారలేదు. బీచ్ చెక్క పిడి, కోసే రేకు (అలుగు) ఒకటి, 1955లో చేర్చిన తిరిగే ఉంగరం, అంతే. ఆ చెక్కకు తేమంటే పడదు. గోదారి గాలికి ఉబ్బిపోయి అలుగును బిగించేసింది. దీనికి సవోయ్ వాళ్ళదే ఒక చిట్కా ఉంది. ఉంగరం వదులు చేసి, పిడి చివర గట్టి చోట ఠక్కున కొట్టాలి. గట్టు రాయి మీద రెండు దెబ్బలు వేశాను. అలుగు గోరంత బయటికొచ్చింది, దాన్ని పట్టుకుని లాగాను. జామకాయ గట్టిగా, కొంచెం వగరుగా, బాగుంది.

రెండో రోజు: కడియపులంక, మా ఊరు

కడియపులంక నర్సరీలు చూడ్డానికి అందరూ పూలకోసం వస్తారు. నేను అంటు కట్టేవాళ్ళ చేతులు చూడ్డానికి ఆగాను. నీడవల కింద పీట వేసుకుని ఒకాయన మామిడి అంట్లు కడుతున్నారు. చేతిలో మడత చాకు, చెక్క పిడి చెమటకి నల్లబడి నున్నగా ఉంది. అలుగుకు ఒక పక్కే వాలు. రెండో పక్క పలకలా చదునుగా ఉంది.

పెన్సిలంత పుల్ల తీసుకుని రెండు వైపులా ఒక్కొక్క కోత. అంతే, చీలికలాంటి మొన తయారైంది. కింద మొక్క తల నరికి నడిమికి చీల్చి, పుల్ల మొన అందులో దోపి, ప్లాస్టిక్ పట్టీ చుట్టేశారు. అరనిమిషం కూడా పట్టలేదు.

"షేవింగ్ బ్లేడుతో కడితే తేలిక కదండీ?" అన్నాను.

"కడతారండి చాలామంది. బ్లేడు వంగుతాదండి. వంగితే కోత గుంటపడుద్ది. పుల్లకీ మొక్కకీ మధ్య గాలి దూరిందంటే ఇంక అంటుకోదండి, ఆయ్."

చాకు చూడనిస్తారా అని అడిగితే నవ్వి, "పనిలో ఉందండి, భోజనాలప్పుడు చూద్దురుగాని" అన్నారు. ఆ మాటకి ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. పన్నెండున్నర దాకా ఉన్నాను. పొద్దున్నుంచి పసరు తాగి తాగి అలుగు మీద నీలం, ఊదా, బూడిద రంగులు కలిసిపోయి ఉన్నాయి. ఇది తుప్పు కాదు. పచ్చి కాయలూ కొమ్మలూ కోస్తూ ఉంటే, వాటిలోని వగరు పట్టి ఉక్కు మీద సన్నటి పొర ఏర్పడుతుంది. ఎర్ర తుప్పు ఉక్కును తింటుంది, ఈ నల్లపొర కొంతవరకు దాన్ని కాపాడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వాడేవాళ్ళకు ఈ రంగులు ఎప్పటికీ కనపడవు. అమ్ముతారా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది, అడగలేదు. ఆ చేతిలోంచి ఆ చాకు లాక్కుని నా పెట్టెలో పడేస్తే నాకేం వస్తుంది?

రావులపాలెంలో అరటి గెలల లారీల మధ్య బస్సు అరగంట ఆగింది. కొత్తపేట మీదుగా ఇంటికి చేరేసరికి నాలుగైంది.

పిన్ని బీరువా తీసి తోలు సంచి తెచ్చి అరుగు మీద పెట్టింది. నేను చెయ్యి చాపినా చేతికివ్వలేదు. కత్తి, ఉప్పు, నూనె చేతికి చేతికి ఇస్తే గొడవలొస్తాయని నాయనమ్మ నేర్పిన పద్ధతి ఆ ఇంట్లో ఇంకా నడుస్తోంది. ఫ్రాన్స్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ ఎవరైనా చాకు బహుమతిగా ఇస్తే తీసుకున్నవాళ్ళు ఒక నాణెం తిరిగివ్వాలి, లేకపోతే స్నేహం తెగిపోతుందట. ఎక్కడి మనుషులకైనా పదును అంటే కొంచెం భయం, కొంచెం మర్యాద.

సంచి మూతి విప్పాను. లోపల తోలుకి బూజు. చాకు బిగుసుకుపోయింది. గేదెకొమ్ము పిడి తెల్లబారింది. అలుగు వీపు మీద ఎర్రటి పొక్కులు. గోరు పెట్టి లాగే గాడి అసలు కనిపించడం లేదు. తోలు తేమను పీల్చి దాచుకుంటుంది. తోలు శుద్ధికి వాడిన మందులు కూడా ఉక్కుకు పడవు. చాకును తోలు ఒరలో ఏళ్ళతరబడి పెట్టకూడదని పదిమందికి చెప్పేవాణ్ణి, నా చాకుకే ఆ పని చేశాను. ఆ వేళ నాకు అంత సంగతి తెలియదు, తెలిశాక మళ్ళీ బీరువా తెరిచి చూడలేదు.

తాతయ్య దాన్ని బొత్తాల బనీను జేబులో వేసుకునేవారు. పొద్దున్న పళ్ళపుల్ల చీల్చడం దగ్గర్నుంచి, చుట్ట చివర కోసి, వక్క చెక్కి, రాత్రి దోమతెర తాడు సవరించేదాకా అదే. నేను రెండో క్లాసులో ఉండగా పలక బలపం మొన చేసిచ్చింది కూడా దాంతోనే. ఆయన దగ్గర ఉన్న నలభై ఏళ్ళూ దానికి ఒర లేదు, సంచి లేదు. తుప్పు కూడా లేదు.

మూడో రోజు: అంబాజీపేట

రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే బాబాయ్, "సుత్తి పుచ్చుకుని ఒక్కటివ్వు, తెరుచుకుంటుంది" అన్నాడు. కొడితే వెనకున్న స్ప్రింగు విరుగుతుంది. మడత చాకుకి ప్రాణం ఆ స్ప్రింగే. అలుగు తెరిచినప్పుడు నిలబెట్టేదీ, మూసినప్పుడు లోపల పట్టి ఉంచేదీ అదే. సానబండి దగ్గరికి తీసుకెళ్ళమని పిన్ని అంది. ఆ చక్రం మీద పెడితే ఇంకా భయం. నిప్పురవ్వలు లేచేంత రాపిడిలో పల్చటి అంచు నీలంగా మారిపోతుంది. అలా మారిందంటే పదును నిలిపే గట్టిదనం పోయినట్టే.

బాబాయ్‌తో కలిసి స్కూటర్ మీద అంబాజీపేట వెళ్ళాం. కొబ్బరి వ్యాపారానికి ఆ ఊరు పెట్టింది పేరు. ఆయనకు తెలిసిన షావుకారు కొట్లో కూర్చున్నాం. చుట్టూ కాయల గుట్టలు. కురిడీల్లో (ఎండు కొబ్బరికాయల్లో) గండేరా రకం ఎంత, గటగట రకం ఎంత అని ఫోన్లో బేరాలు నడుస్తున్నాయి. షావుకారుగారికి డెబ్బై దాటి ఉంటాయి. మాట్లాడుతూనే కురిడీ ఒకటి పగలగొట్టించి, లుంగీ మడతలోంచి చాకు తీసి చిన్న బిళ్ళ కోసి, వేళ్ళ మధ్య విరిచి, వాసన చూసి, బిళ్ళ నాకిచ్చి చాకు బల్ల మీద పెట్టారు.

తుడవలేదు. అలుగంతా నూనె మెరుపు. రోజుకి పాతిక కాయలు కోసినా ప్రతి కోతకూ కొబ్బరి తన నూనె తానే రాసిపోతోంది. సముద్రం అంత దూరంలో లేదు, గాలిలో ఉప్పు ఉంది, వానాకాలం. అయినా ఆ చాకు మీద తుప్పు మచ్చ లేదు. నేను పెట్టెలో తేమ పీల్చే సిలికా పొట్లాలు మార్చుకుంటూ కూర్చుంటాను.

తాతయ్య చాకు చూపించాను. రెండు చేతుల్లో అటూ ఇటూ తిప్పి, "ఎన్నాళ్ళు దాచారండీ?" అన్నారు.

"పదకొండేళ్ళండి."

"దాచకూడదండి ఇలాంటివి" అని మెల్లగా అని, కుర్రాణ్ణి పిలిచి ఖాళీ హార్లిక్స్ సీసా తెప్పించారు. గానుగ కొబ్బరినూనె సగం, కిరసనాయిలు సగం. చాకును తలకిందులుగా, అలుగు తిరిగే మేకు ఉన్న వైపు మాత్రం మునిగేలా నిలబెట్టారు. కొమ్ము పిడి మొత్తం కిరసనాయిలులో నానడం మంచిది కాదని ఆయనకు నేను చెప్పనక్కర్లేకపోయింది. "రెండు రాత్రులుండనివ్వండి. మలికిపురం వైపు వెళ్తున్నారుగా, అక్కడ కమ్మరి ఉన్నాడు. నా పేరు చెప్పండి, తొందరపడడు."

వచ్చేటప్పుడు ఒకతను ఊళ్ళో పాతకాలపు చాకుందని తెచ్చి చూపించాడు. దుప్పికొమ్ము పిడి, చాలా అందంగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దుప్పికొమ్ముతో చేసినవి కొనడం, అమ్మడం నేరం. వద్దన్నాను. అతను ధర తగ్గిస్తానన్నాడు. ధర గురించి కాదని చెప్పి, చట్టం సంగతి కూడా చెప్పి బయల్దేరాం.

నాలుగో రోజు: పి.గన్నవరం, రాజోలు

రోజంతా వాన. పి.గన్నవరం దగ్గర గోదారి పాయ వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టు కింద గోదారి ఎర్రగా, పైన కాలువ నీళ్ళు వేరే రంగులో. రాజోలులో లాడ్జి. ఆ ఊరి హోటల్లో పులస ఉందన్నారు, ధర విని బొమ్మిడాయిల పులుసు తిన్నాను.

సీసాను కిటికీ గూట్లో పెట్టాను. నూనె అడుగున సన్నటి ఎర్రపొడి దిగుతోంది. లైటు వేసి నాలుగుసార్లు చూశాను.

ఐదో రోజు: మలికిపురం, అంతర్వేది

కమ్మరి కొలిమి రోడ్డు వారన తాటాకు పాకలో ఉంది. తిత్తి ఉన్న చోట ఇప్పుడు కరెంటు బ్లోయర్. దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మె) మాత్రం వాళ్ళ తాతలనాటిది. గోడవార లారీ కమాను పట్టీలు పేర్చి ఉన్నాయి. కొడవళ్ళూ బొండాల కత్తులూ వాటితోనే చేస్తారు. మంచి ఉక్కు, దెబ్బకు వంగుతుంది తప్ప విరగదు.

సీసాలోంచి చాకు తీసి గుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. కాలుస్తాడేమోనని నాకు టెన్షన్. "నిప్పు చూపిస్తే దీని పదును నాశనమండి" అని తనే అన్నాడు. పట్టకారు కొసలకు గోనెగుడ్డ చుట్టాడు. ఒక చేత్తో అలుగు వీపు పట్టుకుని, ఇంకో చేత్తో మేకు చుట్టూ చిన్న చెక్క సుత్తితో టక్ టక్‌మని, అగ్గిపెట్టె మీద వేలితో తట్టినంత మెల్లగా కొడుతున్నాడు. పది దెబ్బలు, ఒక చుక్క నూనె. మళ్ళీ పది. ఇరవై నిమిషాలైంది. అప్పుడు అలుగు వెంట్రుకవాసి కదిలింది. తెరవలేదు. తిరిగి మూసేశాడు. మళ్ళీ కొంచెం తెరిచి మళ్ళీ మూశాడు. ప్రతిసారీ సందులోంచి ఎర్రటి నూనె ఉబికి వచ్చింది. ఆఖరికి 'టక్' మని నిలబడింది.

ఆ చప్పుడు నాకు తెలుసు. బలపం మొన చేసేముందు వినపడే చప్పుడు.

అలుగు సగానికి అరిగిపోయి ఉంది. అరుగుదల అంతా సమానంగా లేదు. మొన దగ్గర వెడల్పుగానే ఉంది, మొదట్లోనూ ఉంది, మొదలుకు బొటనవేలంత పైన మాత్రం నడుం సన్నబడింది. రోజూ వక్క చెక్కింది అక్కడే, సానరాయి మీద తాతయ్య ఎక్కువ రుద్దిందీ అక్కడే. అలుగు మొదట్లో, పిడిలో దాగి ఉండే చోట, నూనె తుడిస్తే చిన్న నక్షత్రం, పక్కన శిలువలాంటి గుర్తు. షెఫీల్డ్‌లో జోసెఫ్ రాజర్స్ కంపెనీ ముద్ర. "రాజర్సు చాకురా ఇది" అని తాతయ్య అనేవారు. నేనది ఆయన పెట్టుకున్న ముద్దుపేరు అనుకున్నాను.

తుప్పు పొక్కుల్ని కమ్మరి చింతపండు గుజ్జు, కొబ్బరిపీచుతో రుద్దాడు. గుంటలు మిగిలాయి. యంత్రం పెట్టి మెరిపించనా అంటే వద్దన్నాను. ఆ అద్దంలాంటి మెరుపు కోసం తాతయ్య అరగదీసిన ఉక్కు ఇంకొంచెం పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. నూరు రూపాయలు అడిగాడు. ఐదువందలు ఇస్తే కోపం తెచ్చుకున్నాడు. చివరికి అతని దగ్గరే ఒక బొండాల కత్తి కొన్నాను.

సాయంత్రం అంతర్వేది. లాడ్జిలో చాకులు పెట్టేసి లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకున్నాను. తర్వాత వశిష్ఠ సముద్రంలో కలిసే చోటుకి నడిచాను. ఎర్రనీరు ఎంతో దూరం వరకు సముద్రంలో విడిగా కనిపిస్తోంది. రాత్రి గదిలో సానరాయి తడిపి, అరిగిన చోట అరిగినట్టే ఉంచి, రెండు వైపులా ఇరవయ్యేసి సార్లు మెల్లగా రుద్దాను. కాగితం మీద పెడితే శబ్దం లేకుండా దిగింది.

ఆరో రోజు: నరసాపురం

సఖినేటిపల్లి రేవులో పంటు (బల్లకట్టు) ఎక్కాను. మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, బడిపిల్లలు, గడ్డిమోపు, అన్నీ ఒకే పలక మీద. అవతల నరసాపురం. 17వ శతాబ్దంలో ఇక్కడ పెద్ద ఓడలు కట్టేవారు. ఐరోపా వర్తకులూ కట్టించుకున్నారు. పక్కన పాలకొల్లులో డచ్చివాళ్ళ గిడ్డంగి ఉండేది. ఓడకు కలప ఎంత కావాలో మేకులూ బద్దీలూ అంత కావాలి. అవన్నీ కొట్టిన కొలుములు ఈ గట్ల మీదే మండి ఉంటాయి. మలికిపురం దాగలి గుర్తొచ్చి, ఆ నీళ్ళవైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

తోలు సంచిని మా ఊళ్ళోనే వదిలేశాను. చాకు చొక్కా జేబులో ఉంది. ఒపినెల్ సామాన్లలోకి పోయింది. పొద్దున్నుంచి అరటిపళ్ళ గుత్తి తెంపడానికి ఒకసారి, పనసతొనల పొట్లం దారం కొయ్యడానికి ఒకసారి వాడాను. సాయంత్రానికి అలుగు మీద, అరిగిన నడుం దగ్గర, కొత్తగా ఒక నీలం మచ్చ తేలింది.

రాత్రి స్టేషన్లో, ప్లాట్‌ఫారం మీద పక్క బెంచీలో ఒకావిడ అల్లిక లేసుల మూటకు నైలాన్ తాడు కడుతున్నారు. కట్టి, మిగిలిన కొస పళ్ళతో కొరకబోయి ఆగి, "బాబూ, బ్లేడేమైనా ఉందా?" అన్నారు. చాకు తీసి, తెరిచి, పిడి ఆవిడ వైపు తిప్పి చాపాను.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, "కింద పెట్టు నాయనా" అన్నారు.

బెంచీ మీద పెట్టాను. తీసుకుని, తాడు కోసి, అలుగు కొంగుతో తుడిచి, మూసి, తిరిగి నా వైపు బెంచీ మీదే పెట్టారు.

"పాతదా?" అన్నారు.

"మా తాతయ్యదండి."

"బాగా తెగుతోంది" అని మూట ఎత్తుకుని, బండి వస్తోందని లేచారు.